పొగడ్త అనుకుని టిక్కు పెట్టిన క్లాసు

ఫోన్లో రోజుకో కొత్త ఇంగ్లిష్ మాట పంపే యాప్ పెట్టుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త ముందు బెంచీల్లోకి రండి. ఇది మీ కోసమే. వెనక బెంచీలవాళ్లు నిద్రపోవచ్చు. ఎనిమిదో తరగతిలో నేనూ ఆ బెంచీ మీంచే లేచి బడి ఎగ్గొట్టి, మళ్లీ వెళ్లలేదు. కాబట్టి మీ మీద నాకు గౌరవమే తప్ప కోపం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో బ్యాంకు పరీక్షల పిల్లలకు ఇంగ్లిష్ పదాలు చెప్పే సారుగా పనిచేసి రిటైరయ్యాను. ఎనిమిదో తరగతివాడు ఇంగ్లిష్ సారు ఎట్లా అయ్యాడని మీకు ఆశ్చర్యంగా ఉంటే, మీరు దిల్‌సుఖ్‌నగర్‌కి కొత్తన్నమాట. అక్కడ ఒక మెట్లదారి ఎక్కితే కలెక్టరవుతారు, పక్క మెట్లదారి ఎక్కితే సాఫ్ట్‌వేర్ ఇంజనీరవుతారు, పొరపాటున మధ్యలో మెట్లు ఎక్కితే బ్యూటీషియన్ అయి దిగుతారు. అలాంటి చోట అటెండరు సారు కావడం పెద్ద వింతేమీ కాదు.

నేను నల్లగొండ పక్క పల్లె నుంచి వచ్చి ఆ సెంటర్లో అటెండరుగా చేరాను. మైకు పెట్టడం, బోర్డు తుడవడం, బెల్లు కొట్టడం, సిగ్నల్ దగ్గర నిలబడి కరపత్రాలు పంచడం నా పనులు. మా సెంటర్‌కి పేరు తెచ్చింది పదాల భజన. పొద్దున్నే సారు మైకులో ఒక ఇంగ్లిష్ మాట అనేవారు, హాలంతా ఒక్క గొంతుతో తెలుగు అర్థం అరిచేది. కింద గాజుల షాపు ఆయన మొదట్లో పైకొచ్చి గొడవపెట్టుకునేవాడు. పోనుపోను ఆయనకీ అలవాటై, గాజులు అరలో సర్దుకుంటూ తనూ అర్థాలు అందుకునేవాడు.

ఒక సోమవారం మా పదాల సారు రోడ్డు దాటి ఎదురు బిల్డింగ్‌లోని సెంటర్‌కి వెళ్లిపోయారు. ఒక్కరే వెళ్లలేదు, సగం బ్యాచినీ మా కొత్త డస్టరునూ వెంట తీసుకుపోయారు. మా డైరెక్టర్ గారు కోస్తా మనిషి, తెల్లచొక్కా నలగని మనిషి. హాల్లో మిగిలిన సగం పిల్లల్ని చూశారు, మైకు పట్టుకుని నిలబడ్డ నన్ను చూశారు.

"ఏరా, రోజూ వింటూనే ఉంటావుగా. నీకు పదాలు వచ్చుగా?"

"వస్తయి సార్. అర్థాలు గూడ వస్తయి."

"ఇంకేం కావాలి?"

ఇంకేం కావాలో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆయనకు ఇంకా పడుతూనే ఉంది.

మర్నాటికి నాకో టై వచ్చింది. కొత్త కరపత్రంలో నా పేరు పక్కన రెండు డిగ్రీలు కూడా వచ్చాయి, అవి దేనికిస్తారో ప్రింటింగ్ ప్రెస్సు ఆయన్ని అడిగి తెలుసుకున్నాను. కింద మెట్ల దగ్గర నన్ను "ఏరా" అనే డైరెక్టర్ గారు పై అంతస్తులో "సార్ గారూ" అనడం మొదలుపెట్టారు. ఎక్కడ మారాలో అంత పెద్దమనిషికి కూడా సరిగ్గా అందేది కాదు. ఒక్కోసారి రెండో అంతస్తు మలుపులో "ఏరా సార్ గారూ" అనేవారు.

నా క్లాసు మాత్రం కిటకిటలాడేది. నాకు చదువు లేదు గానీ నోరుంది. ప్రతి మాటకూ ఒక మనిషిని అంటగట్టేవాణ్ణి. ఫ్రూగల్ అంటే పొదుపరి, అంటే ఒక చాయ్ చెప్పి మూడు ఖాళీ కప్పులు అడిగేవాడు. ఆబ్‌స్టినేట్ అంటే మొండివాడు, అంటే ఎల్బీనగర్ రింగ్‌రోడ్డు దగ్గర ఖాళీ ఆటోలో కూర్చుని ఎక్కడికీ రానని చెప్పే ఆయన. మాగ్నానిమస్ అంటే ఉదారుడు అని చెప్పి ఏమీ అనకుండా డైరెక్టర్ గారి గది వైపు చూసేవాణ్ణి, క్లాసు దానంతటదే నవ్వేది. నవ్విన మాట మర్చిపోరు. మా పిల్లలకు పదాలు వచ్చినంత గట్టిగా ఎదురు బిల్డింగ్ వాళ్లకు వచ్చేవి కావు.

నా తర్వాతి గంట పాసేజ్ సారుది. ఇంగ్లిష్‌లో ఒక పేజీ కథో వ్యాసమో ఇచ్చి, కింద ప్రశ్నలు అడుగుతారు చూడండి, దాన్ని నేర్పే మనిషి. గుంటూరు వైపు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దాయన, ఆయాసం మనిషి. నేను దిగగానే హాలు సగం ఖాళీ అయ్యేది, మెట్ల మీద కూర్చుని పదాలు వల్లించుకునేవాళ్లు. ఆ పాపంలో డైరెక్టర్ గారి వాటా ఎక్కువ. పాసేజ్ చదవడం టైమ్ వేస్టు అని ఆయన సిద్ధాంతం. ముందు ప్రశ్న చూడాలి, ప్రశ్నలో ఉన్న మాట పాసేజ్‌లో ఎక్కడుందో వేలితో వెతకాలి, దాని పక్క మాటకి అర్థం గుర్తుచేసుకోవాలి, టిక్కు పెట్టాలి, ముందుకు పోవాలి. దీనికి ఆయన స్మార్ట్ మెథడ్ అని పేరు పెట్టి ఫ్లెక్సీ కూడా వేయించారు. పాసేజ్ సారు ఆ ఫ్లెక్సీ కింద నుంచి వెళ్లేటప్పుడు తలెత్తేవారు కాదు.

ఆ బ్యాచిలో ఒకావిడ ఉండేది. అల్మాస్‌గూడలో కాపురం, భర్త ఆటో నడుపుతాడు, చిన్న కూతురు. ఆమె నాన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో హమాలీ, మార్కెట్ ఊరిబయటికి తరలిపోయాక ఆయన పని కూడా పోయింది. ఈమె పొద్దున మా దగ్గర చదువుకుని, అటు నుంచి అటే చీరల షోరూమ్‌కి పోయేది. ఆ ఉద్యోగంలో సేల్స్ గర్ల్స్ కూర్చోకూడదు. కస్టమర్ లేకపోయినా సరే, పొద్దంతా నిలబడే ఉండాలి. బ్యాంకు ఉద్యోగమే ఎందుకమ్మా అని ఒకసారి అడిగితే, "కుర్చీ ఉంటది సార్" అంది. నేను దానికి జోకు వేయబోయి మానేశాను.

వయసు పరిమితి దాటిపోతోంది గనక ఆమెకి అదే ఆఖరి పరీక్ష. అది పోతే ఇక ఆ చీరల మధ్యే నిలబడాలి.

పదాల్లో ఆమెను కొట్టేవాడు లేడు. భజనలో అందరికంటే ముందు ఆమె గొంతే వినిపించేది. డైరెక్టర్ గారు పదాల రాణి అని ఆమె ఫోటోతో బోర్డు పెట్టించారు. మోడల్ పరీక్షల్లో మాత్రం రాణి గారికి పదాల ప్రశ్నలన్నీ ఒప్పు, పాసేజ్ ప్రశ్నలన్నీ తప్పు. తప్పుకి మార్కులు కోస్తారు కదా, పదాలతో సంపాదించింది పాసేజ్‌లో పోయేది.

ఒకరోజు నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది, మాటలన్నీ వస్తున్నాయి, కలిపి చదివితే మాత్రం ఏమీ రాదు, ఎందుకు సార్ అని. నేనేమన్నాను? ఇంకొన్ని పదాలు నేర్చుకోమన్నాను. సెంటర్లో ఏ రోగానికైనా ఆ ఒక్క గోలీయే ఉండేది. పాపం ఆమె నేర్చుకుంది. ఆ తర్వాతి మోడల్ పరీక్షలో ఇంకొన్ని మార్కులు పోగొట్టుకుంది.

అప్పుడే పాసేజ్ సారు కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో పడుకున్నారు. ఆయన గంట కూడా నన్నే కానిచ్చేయమన్నారు డైరెక్టర్ గారు. ఇంగ్లిష్ పైకి చదవడం నాకు బాగానే వచ్చు, జవాబులు పుస్తకం వెనకాల ఉంటాయి, ఇంక భయమేముంది? క్లాసులోకి వెళ్లాక చూసుకున్నాను. పుస్తకం కాదు, జిరాక్స్ కట్ట. కాగితాలు కలిసొస్తాయని డైరెక్టర్ గారు జవాబుల పేజీలు తీయించనేలేదు.

సరే, గొంతు సవరించుకుని ఒక పాసేజ్ చదివాను. రేడియోలో వార్తలు చదివినట్టే చదివాను. ప్రతి కష్టమైన మాట దగ్గరా ఆగితే క్లాసు అర్థం అరిచేది. బెనెవలెంట్ అంటే దయగలవాడు. మాగ్నానిమస్ అంటే ఉదారుడు. ఫార్‌సైటెడ్ అంటే దూరదృష్టి గలవాడు. ఒక్క మాట కూడా మిగల్లేదు. నాకు చాలా గర్వంగా అనిపించింది.

కింద ఆఖరి ప్రశ్న, ఇందులో యజమాని గురించి రచయిత అభిప్రాయం ఏమిటి అని. మొదటి జవాబు అడ్మిరేషన్, అంటే మెచ్చుకోలు. దయగలవాడు, ఉదారుడు, దూరదృష్టి గలవాడు అని రాశాక ఇంకేముంటుంది? హాలంతా అడ్మిరేషన్ అని అరిచింది. నేనూ అరిచాను. బోర్డు మీద టిక్కు పెట్టాను.

ఆ రోజు షోరూమ్‌కి సెలవు కావడంతో రెండో గంట కూడా ఉండిపోయిన ఆవిడ మూడో బెంచీలోంచి లేచింది.

"గాయన పొగుడుతలేడు సార్. ఎక్కిరిస్తున్నడు."

ముందు వరసలో ఇంజనీరింగ్ చదివిన కుర్రాడొకడు ఉండేవాడు, అతను వెనక్కి తిరిగి బెనెవలెంట్ అని అంత స్పష్టంగా ఉంది కదా అన్నాడు. నేను కూడా అదే అన్నాను. ఎక్కిరింత ఏ మాటలో ఉందో చూపించమన్నాను.

"ఏ మాటల లేదు సార్. మొత్తంల ఉంది."

క్లాసు నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే అప్పటికి నాకో సంగతి తట్టింది. ఇంత గంభీరంగా చదివాను గదా, ఆ పాసేజ్‌లో ఏం జరిగిందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. అన్ని మాటల అర్థాలూ నాకు తెలుసు, సంగతే తెలియదు. కాగితం కింద పెట్టి, సరే తల్లీ, ఇంట్లో మీ అత్తకి చెప్పినట్టు చెప్పు, ఎవరు ఎవర్ని ఏం చేశారు అన్నాను.

ఆమె కాగితం చూడకుండానే చెప్పింది. "ఒకాయన బిస్కెట్ల కంపెనీ వెట్టిండు సార్. పని జల్ది ఎట్లయితదో మీరే చెప్పుండ్రని పనోళ్లకోసం ఒక డబ్బా వెట్టిండు. పాపం ఒక ముసలాయన మంచి తెలివి చెప్పిండు. గా తెలివితోని ముగ్గురు చేసే పని ఒక్కడే చేసుడు మొదలైంది. ఓనరు ముసలాయనను అందరి ముంగట మెచ్చుకున్నడు, తెల్లారి ఇగ నీకు పని లేదు పో అన్నడు. గిప్పుడు రాసినాయన ఏమంటున్నడంటే, అబ్బ, ఎంత దయగల మారాజు, బతికినన్ని దినాలు ముసలాయనకు రెస్టిచ్చిండు అంటున్నడు. గిది పొగుడుడా సార్?"

హాల్లో గోల మొదలైంది. భజన గోల కాదు, పంచాయతీ గోల. ఒకడు ఓనర్ది తప్పంటాడు, ఒకమ్మాయి ముసలాయన ముందే ఆలోచించుకోవాల్సిందంటుంది, ఇంజనీరింగ్ కుర్రాడు పాసేజ్ మళ్లీ పట్టుకుని పెదాలు కదుపుతూ చదువుతున్నాడు. రెండో వాక్యం దగ్గర నవ్వాడు. ఇంగ్లిష్ చదువుతూ నవ్విన మనిషిని ఆ సెంటర్లో అదే మొదటిసారి చూశాను.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పి తీరాలి. మా నల్లగొండ వైపు తిట్టాలంటే పొగుడుతారు. వద్దన్నా వినకుండా బర్రెను పక్కవాళ్ల చేన్లోకి తోలినవాణ్ణి, ఎంత మంచోడివి నాయనా, నీ కడుపు సల్లగుండ అంటుంది మా అమ్మ. వాడికి అర్థమై తల దించుకుంటాడు. నేను పొట్ట పోసుకున్నది ఆ విద్యతోనే. తెలుగులో ఎంత దూరం నుంచైనా ఎక్కిరింతని వాసన పట్టేవాణ్ణి, అదే ఎక్కిరింత ఇంగ్లిష్‌లో ముఖం మీదికొచ్చి నిలబడితే నమస్కారం పెట్టాను. మాటల అర్థాలు ఒక్కొక్కటే ఏరుకునే పనిలో ఉండి, మనిషి ఏ గొంతుతో మాట్లాడుతున్నాడో వినలేదు.

అరుపులు తాళంలో లేవని అనుమానం వచ్చి డైరెక్టర్ గారు గుమ్మంలోకి వచ్చారు. ఎన్ని పాసేజ్‌లు అయ్యాయండీ సార్ గారూ అని అడిగారు. ఒకటి అన్నాను. గంటకి ఒకటా అని కాగితం లాక్కుని చూశారు. వేలు పెట్టి మాటలు వెతికారు. వేలు చకచకా నడిచింది.

"ఇందులో ఆలోచించడానికేముందండీ? బెనెవలెంట్, మాగ్నానిమస్. అడ్మిరేషనే."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అంత కష్టమైన ప్రశ్నని తను చిటికెలో తేల్చినందుకు నవ్వారనుకుని ఆయనా నవ్వారు. రోజుకి పది పాసేజ్‌లైనా కావాలని చెప్పి వెళ్లిపోయారు.

నేను పాసేజ్ సారుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆ బిస్కెట్ల ఓనరు ఎసుంటోడు సార్ అని అడిగాను. ఆయన దగ్గు ఆపుకుని, దుర్మార్గుడు అన్నారు. ఎవరు పట్టుకున్నారని అడిగారు. చెప్పాను.

"ఆ అమ్మాయి నా క్లాసుకి ఎప్పుడూ ఉండదేంటండీ?"

మర్నాడు ఆవిడ నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఇంట్లో పని ముగించుకుని వచ్చి షోరూమ్‌కి పోయేలోపు రెండు గంటలూ కూర్చోలేదు, ఏదో ఒకటే కూర్చోగలదు. ఇన్నాళ్లూ ఆ ఒక్కటీ నాది. "ఇగ మీ క్లాసు మానేస్త సార్. కోపం జేస్కోకుండ్రి" అంది. పదాల రాణి పదాల సారుని వదిలేసి పోతోంది. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ఆమెకున్నది ఆ ఒక్క పరీక్షే, నాకు ఇంకా చాలా బ్యాచీలున్నాయి.

పాసేజ్ సారు నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చాక నేను కూడా ఆయన క్లాసులో వెనక కూర్చోవడం మొదలుపెట్టాను. మైకు చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. ఆయన చేసేది చాలా చిన్న పని. ఒకసారి చదవమనేవారు, తెలియని మాట వస్తే దాటేసి పొమ్మనేవారు. అయిపోయాక ఎవరు ఎవరిని ఏం చేశారు, చెప్పేవాడు ఎవరి పక్షం అని అడిగేవారు. తెలియని మాటని దాటేయడానికి మా రాణికి ప్రాణం పోయేది. వీధిలో తెలిసిన మనిషి ఎదురైతే పలకరించకుండా పోయినంత ఇబ్బంది పడేది. మెల్లగా నేర్చుకుంది. పదాలు అక్కర్లేదని నేననను. అన్ని పదాలు రాకపోతే ఆమె ఆ బిస్కెట్ల కంపెనీ గుమ్మం దాకా కూడా వచ్చేది కాదు. గుమ్మం దగ్గరే నిలబెట్టి, లోపలికి వచ్చేశారని చప్పట్లు కొట్టించడం మా వ్యాపారం.

పరీక్ష సెంటర్ హయత్‌నగర్ దాటాక ఒక కాలేజీలో పడింది. బయట కరపత్రాలు పంచడానికి నన్ను పంపారు. టై కట్టుకున్నా ఆ పని నాకు తప్పేది కాదు. గేటు తెరిచాక పిల్లలంతా మాటలు కలబోసుకుంటూ బయటికొచ్చారు, ఆ మాటకి అర్థం ఏం పెట్టావు, ఈ మాటకి ఏం పెట్టావు అని. ఆమె వస్తూనే, "సార్, గా పాసేజ్‌ల ఇంజనీరున్నడు సూడుండ్రి, మహా ఖతర్నాక్" అని మొదలుపెట్టింది. నది ఎండిపోయాక దాని మీద వంతెన కట్టించినాయన కథ. బస్సులో నిలబడి ఎల్బీనగర్ దాకా చెబుతూనే ఉంది. ఆ ఇంజనీరు మీద ఆమెకి నిజంగానే కోపమొచ్చింది. పక్క సీటావిడ ఆ ఇంజనీరు ఆమెకేమవుతాడని నన్ను అడిగింది. బస్సు దిగిపోయాక గానీ, ఎన్ని ప్రశ్నలు రాశావని అడగడమే మర్చిపోయానని నాకు గుర్తు రాలేదు.

ఉద్యోగం వచ్చింది. క్లర్కు పోస్టు.

ఫలితాలొచ్చిన రోజు సాయంత్రానికే మా బిల్డింగ్ మీద ఆమె ఫ్లెక్సీ లేచింది. మర్నాడు ఎదురు బిల్డింగ్ మీద కూడా లేచింది, ఎప్పుడో ఒకసారి అక్కడ ఉచిత డెమో క్లాసుకి వెళ్లిందట. ఇటు పదాల రాణి, అటు గ్రామర్ రత్నం. పాసేజ్ సారు కింద నిలబడి రెండూ చదివి, తన క్లాసుకి ఎక్కి వెళ్లిపోయారు.

డైరెక్టర్ గారు ఆమెను పిలిపించి వీడియో తీయించారు. ఎలా సాధించావమ్మా, చెప్పు అన్నారు. ఆమె కెమెరా ముందు కూర్చుని నమస్తే చెప్పి, బిస్కెట్ల ఓనరు దగ్గర మొదలుపెట్టింది. మెట్ల మీద పదాలు వల్లించడం, పాసేజ్ సారు క్లాసు, తెలియని మాటని దాటేయడం, చెప్పేవాడి గొంతు వినడం, అన్నీ చెప్పింది. మైకు పట్టుకున్నది నేనే, పాసేజ్ సారు పేరు వచ్చినప్పుడు దాన్ని కొంచెం దగ్గరికి జరిపాను. ఆఖర్న థాంక్యూ చెప్పింది.

వీడియో బయటికొచ్చింది. నమస్తే ఉంది, థాంక్యూ ఉంది. మధ్యలో ఆమె పెదాలు కదులుతుంటాయి, గొంతు బదులు సంగీతం వస్తుంది, పైన మా పుస్తకంలోని పదాలూ అర్థాలూ ఒకదాని వెనక ఒకటి పూలవానలా రాలుతుంటాయి. కింద పిల్లలు వందనాలు పెడుతూ, మేడమ్ చదివిన పదాల లిస్టు పంపండి సార్ అని రాశారు. ఆ ఏడాది మా సెంటర్లో సీట్లు చాలలేదు.

ఆమెకు ఫోన్ చేసి వీడియో చూశావా అని అడిగాను.

"చూసిన సార్. నేను చెప్పిందొక్కటి తప్ప అన్ని ఉన్నయి."